రంగులు కలిపే చేతులు
(సంఘం వార్షిక సమావేశంలో మహిళా సభ్యుల గోష్ఠి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకునే వేదిక మీద చెవి దుద్దుల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. వెనక వరసలో కొందరు అన్నయ్యగార్లు అప్పుడే కాఫీల వైపు చూస్తున్నారు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో రసాయన శాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి, చివర్లో మన సంఘం ఆలోచించవలసిన న్యాయం కూడా ఒకటుంది. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని గనుక పాఠం చెప్పినట్టే చెబుతాను: ముందు పదార్థం, తర్వాత పద్ధతి, ఆపైన జాగ్రత్తలు, చివరగా లెక్క.

పేరుకు మట్టి, నిజానికి కాదు

పాలిమర్ క్లే అంటే చాలామంది మట్టి అనుకుంటారు. అందులో మట్టి లేదు. నీళ్ల పైపులు చేసే పి.వి.సి. ఉంది చూడండి, దాని మెత్తని పొడిలో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవమూ, రంగూ కలిపి చపాతీ పిండిలా చేసి అమ్ముతారు. నీళ్లతో కలిపింది కాదు గనుక గాలికి ఆరిపోదు. వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ఇడ్లీ పిండిని ఎండలో పెడితే ఇడ్లీ అవుతుందా? ఆవిరి మీద ఉడకాలి. ఇదీ అంతే. సుమారు 110 నుంచి 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఆ పొడి రేణువులు నూనెను పూర్తిగా పీల్చుకుని, ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఒకే ముద్ద అవుతాయి. వేడి చాలకపోతే పైకి గట్టిగానే కనబడుతుంది గాని, నాలుగు రోజులు పెట్టుకునేసరికి విరిగి చేతికొస్తుంది.

దీని పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. జర్మనీలో కేథె క్రూజె అని పేరుమోసిన బొమ్మల తయారీదారు ఉండేది. ఆవిడ కుమార్తె ఫీఫీ ఇలాంటి ముద్దతో ప్రయోగాలు చేసి రంగులు కలిపింది. 1964లో ఒక పెన్సిళ్ల కంపెనీ దాన్ని కొనుక్కుని ఫీమో పేరుతో అమ్మింది. తర్వాత అది స్టెడ్లర్ కంపెనీ చేతికి వచ్చింది. మన ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసినవారు ఆ పేరుగల పెన్సిళ్లతోనే డ్రాయింగులు గీసి ఉంటారు. అమెరికాలో 1960లలో తయారైన స్కల్పీ అనే రకాన్ని మొదట ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని బయటికి పంపడానికి పనికొస్తుందేమోనని చేశారట. ఆ పనికి పనికిరాలేదు గాని బొమ్మలకు పనికొచ్చింది. ఎలక్ట్రిసిటీ బోర్డులో చేసి రిటైరైన పెద్దలు ఇది గమనించగలరు!

మనకు కొత్తేమీ కాదు

పదార్థం కొత్తది గాని, వేడి మీద ముద్దను మెత్తబరచి రంగు కలిపి నగ చేసే విద్య మనవారికి పాతదే. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేసేవారిని చూడండి. లక్క అంటే ఒక పురుగు చెట్టుకొమ్మల మీద విడిచే జిగురు. దాన్ని బొగ్గుల సెగ మీద కరిగించి, రంగు కలిపి, పిసికి, తాడులా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే అద్దాలూ రాళ్లూ పొదుగుతారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఏటికొప్పాకలో, అంటే వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు లక్కను అదిమిపెడతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అక్కడ రసాయనిక రంగులు వచ్చి పడినప్పుడు, మళ్లీ చెట్టూ చేమా ఇచ్చే రంగులకు మళ్లడానికి కృషి చేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపులో నీలిమందు కలిస్తే ఆకుపచ్చ అవుతుందని ఆ పనివారికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో కొలిమిలో కరిగిన గాజును సన్నని గొట్టంలా సాగదీసి పూసలుగా తుంచే విద్య ఉంది.

ఇక మన దగ్గరికే వద్దాం. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి కరండాలతోపాటు స్ఫటికపు భరిణె, బంగారు పువ్వులు, పూసలు దొరికాయి. రెండువేల ఏళ్లు దాటిన సంగతి అది. అమరావతి శిల్పాల్లో ఆడవారినీ మగవారినీ చూడండి, మెడ నిండా హారాలే, చెవి నిండా కుండలాలే. అంటే పూస గుచ్చే సరదా ఈ నేలలోనే ఉంది. మధ్యలో మనం ఫైళ్లలోనూ, హాజరు పట్టీల్లోనూ పడి మరిచిపోయాం, అంతే.

రంగుల వరస

ఈ పనిలో నాకు బాగా నచ్చింది రంగుల మిళాయింపు. ఒక రంగు రెండో రంగులోకి ఎక్కడ మారిందో తెలియకుండా జారిపోవడం. ఇది చూడటానికి దూరం వెళ్లనక్కరలేదు. మన పొలాల్లో పత్తి పువ్వు చూడండి. తెల్లవారి విచ్చుకున్నప్పుడు మీగడ రంగు, సాయంత్రానికి గులాబీ ఛాయ, మర్నాటికి ఎరుపు. తెల్లముద్దలో ఎర్రముద్ద కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే అదే వరస వస్తుంది.

మిరపకాయ మాత్రం ఇంకో పాఠం చెబుతుంది. పచ్చికాయ పండేటప్పుడు నేరుగా ఎర్రబడదు. మధ్యలో ఒక గోధుమ ఛాయ వస్తుంది. కాయలోని పత్రహరితం పూర్తిగా పోకముందే ఎరుపు మొదలవుతుంది గనుక రెండూ కలిసి అలా కనబడతాయి. మన ముద్దలోనూ పచ్చనీ ఎర్రనీ నేరుగా కలిపితే మధ్యలో రేగడి బురద రంగు వస్తుంది. మిరపకాయే చేయాలనుకుంటే అది అందమే. అది వద్దనుకుంటే పచ్చకూ ఎరుపుకూ మధ్య దుగ్గిరాల పసుపులాంటి పసుపుపచ్చ పెట్టండి. పచ్చ లేత పచ్చగా మారి, పసుపై, నారింజై, ఎరుపవుతుంది. ఎదురెదురు రంగుల మధ్య రాజీ కుదర్చడానికి మధ్యవర్తి కావాలి. ఇది ఆఫీసులో పనిచేసినవారికి నేను చెప్పక్కరలేదు.

ఈ జారుడు రంగు తెప్పించే సులువైన పద్ధతిని అమెరికాలో జూడిత్ స్కిన్నర్ అనే ఆవిడ 1990లలో ప్రచారంలోకి తెచ్చింది. అందుకే దాన్ని స్కిన్నర్ బ్లెండ్ అంటారు. పద్ధతి రాసుకోండి.

ఒకటి: ఎర్రముద్దనూ తెల్లముద్దనూ విడివిడిగా పది నిమిషాలు పిసికి మెత్తబరచండి. రెండింటినీ ఒకే మందంలో పలుచగా వత్తండి.

రెండు: ఒక్కొక్కదాన్ని త్రికోణంగా కోయండి. రెండు త్రికోణాలనూ ఏటవాలు అంచుల దగ్గర కలిపి దీర్ఘచతురస్రం చేయండి. ఎడమ అంచు పూర్తిగా ఎరుపు, కుడి అంచు పూర్తిగా తెలుపు ఉండాలి.

మూడు: కింది అంచును పై అంచుకు మడవండి. ఎరుపు మీదికి ఎరుపు, తెలుపు మీదికి తెలుపు రావాలి. మడత వైపు నుంచి కర్రతో వత్తండి. మళ్లీ అదే దిశలో మడవండి, వత్తండి. ఎన్నడూ ముద్దను పక్కకు తిప్పకండి. ఒక్కసారి తిప్పారా, ఎరుపు తెలుపులో పడి మొత్తం ఒకే గులాబీ రంగవుతుంది.

నాలుగు: మొదటి పదిసార్లూ చారలు చారలుగా కనిపిస్తుంది. చాలామంది అక్కడే విసుగుపడి వదిలేస్తారు. ఇరవై, ఇరవైఅయిదు సార్లు అయ్యేసరికి చారలు మాయమై రంగు నున్నగా జారుతుంది. వత్తే మిషను ఉంటే సులువు, లేకపోతే అప్పడాల కర్ర చాలు.

ఆ పలకను ఎరుపు నుంచి తెలుపు వరకు ఒకే వెడల్పు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ ఉండ చేస్తే ముదురు నుంచి లేతకు వరసగా పూసలు వస్తాయి. అదే దండ. లేదా తెలుపు వైపు నుంచి చాపలా చుట్టి, అడ్డంగా బిళ్లలు కోస్తే, నడుమ తెల్లగా అంచున ఎర్రగా పువ్వు రేకలకు పనికొస్తాయి. పూసకు బెజ్జం కాల్చకముందే చీపురుపుల్లతో పెట్టాలి.

మరొక్క మాట. రంగుల కొలత కంటితో వేయకండి. మన కంసాలులు బంగారాన్ని గురిగింజ ఎత్తు తూచినట్టు, మీరూ ఒక కొలత పెట్టుకోండి. మందు సీసా మూత అయినా సరే. పసుపుపచ్చ నాలుగు మూతలు, ఎరుపు ఒక మూత అని నోటు పుస్తకంలో రాసి, ఆ రంగు బిళ్ల ఒకటి కాల్చి పక్కన కట్టండి. కొన్ని రంగులు కాలిన తర్వాత కాస్త ముదురుతాయి గనుక కాల్చిన బిళ్లే సాక్ష్యం. నలుపు మాత్రం ఆవగింజంతతో మొదలుపెట్టండి. అది పక్క రంగుల్ని మింగేస్తుంది.

వేడి, జాగ్రత్త

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన సభ్యులకు పొగాకు బ్యారన్ తెలుసు. ఆకు పచ్చగా లోపలికి వెళ్లి బంగారు రంగులో బయటికి రావాలంటే థర్మామీటరు దగ్గర మనిషి రాత్రంతా మేలుకోవాలి. ఇక్కడ అంత శ్రమ లేదు గాని సూత్రం అదే. కరెంటు ఓవెన్ వాడండి. దాని మీద ఉన్న అంకెలను నమ్మక, లోపల విడిగా ఒక ఓవెన్ థర్మామీటరు పెట్టుకోండి. ప్యాకెట్ మీద వేసిన వేడినీ సమయాన్నీ పాటించండి. ఫీమోకు 110 డిగ్రీల దగ్గర అరగంట, స్కల్పీ రకాలకు సుమారు 130 డిగ్రీల దగ్గర ఆరు మిల్లీమీటర్ల మందానికి 15 నుంచి 30 నిమిషాలు చెబుతారు. ఇంట్లో మిగిలిన సిరామిక్ టైలు మీద కాగితం పరిచి పూసలు పెడితే సరిపోతుంది. మైక్రోవేవ్‌లో పెట్టరాదు. గ్యాసు మంట మీద పెనం పెట్టి కాల్చరాదు.

ఇది కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, వేడి మితిమీరి ముద్ద మాడిందంటే పి.వి.సి. నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్లనూ గొంతునూ మండిస్తుంది. ఆయాసం ఉన్నవారికి ప్రమాదం. అలా అయితే వెంటనే స్విచ్చి ఆపి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి రండి. మామూలుగా కాల్చేటప్పుడు కూడా కిటికీ తెరిచే ఉంచండి.

చపాతీ పీట, కర్ర, చాకు ఒకసారి ఈ పనికి వాడితే మళ్లీ వంటింట్లోకి పోకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాకే పిల్లలున్న ఇంట్లో పూసలు అందనంత ఎత్తున పెట్టండి. మన ఎండల సంగతి వేరే చెప్పాలా? రెంటచింతల వేసవి ఎంతటిదో రాష్ట్రమంతా ఎరుగును. కాల్చని ముద్దను ఎండ తగిలే కిటికీలోనో, నిలబెట్టిన కారులోనో పెడితే సగం గట్టిపడి పనికిరాకుండా పోతుంది. చల్లని చోట పాలిథిన్ సంచిలో ఉంచండి. కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలనూ, వార్నిషు బల్లలనూ అందులోని నూనె కరిగిస్తుంది.

కీళ్ల నొప్పులున్నవారు పెద్ద ముద్దను ఒకేసారి పిసకవద్దు. నిమ్మకాయంత చాలు. చల్లటి ముద్దను కాసేపు అరచేతుల మధ్య ఉంచితే మెత్తబడుతుంది. శుక్లాల ఆపరేషన్ అయినవారు పగటి వెలుతురులో చేయండి. ట్యూబులైటు కింద నీలం, ఊదా తేడా తెలియదు.

ఒక ఇంటి సంగతి

నాకు తెలిసిన ఒక ఫ్యామిలీ పెన్షనరు ఉన్నారు. భర్త పోయాక రెండేళ్లు వీధి గుమ్మం దాటలేదు. వచ్చినవారితో మాటలూ తక్కువే. వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు ఈ ముద్ద తెచ్చి ముందు పెట్టింది. అమ్మమ్మగారు మొదట చేసింది నగ కాదు, ఎండుమిరపకాయ. ఆవిడ పుట్టిల్లు మిరప రైతుల ఇల్లు. కల్లంలో తాలు కాయలు ఏరిన చేతులవి. తాలుకాయ తెలుపు ఎలా ఉంటుందో, మంచికాయ మెరుపు ఎలా ఉంటుందో ఆ వేళ్లకు జ్ఞాపకం ఉంది. ఆ పిల్ల వాటికి కొక్కీలు తగిలించి జూకాలు చేసుకుని కాలేజీకి పెట్టుకెళ్లింది. ఇప్పుడు ఆవిడ ఇంట్లో శనివారం మధ్యాహ్నం నలుగురు కూర్చుంటారు. దుఃఖం పోయిందని నేను చెప్పను. శనివారం ఒకటి వచ్చింది, అంతవరకే చెబుతాను. మన వయసులో వారానికి ఒక రోజుకు పేరుండటం చిన్న విషయం కాదు.

లెక్క, న్యాయం

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు జతలు బాగా కుదరగానే, అమ్ముదామా అని అడుగుతారు. లెక్క వేద్దాం. 57 గ్రాముల ముద్ద 250 రూపాయలు అనుకుందాం. జతకు 6 గ్రాములైతే తొమ్మిది జతలు. అంటే జతకు ముద్ద ఖర్చు 28 రూపాయలు. కొక్కీలు, రింగులు 12. కరెంటు, అట్టముక్క, సంచి కలిపి 10. మొత్తం 50 రూపాయలు. పిసకడం, వత్తడం, కాల్చడం, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, గుడ్డతో మెరుగు పెట్టడం కలిసి జతకు 40 నిమిషాలు అనుకోండి. వంద రూపాయలకు అమ్మితే 40 నిమిషాల కష్టానికి 50 రూపాయలు. షాపువాడు నూటికి 30 తీసుకుంటే మీకు మిగిలేది 20. పగిలినవి, అమ్ముడుపోనివి ఇంకా లెక్కలోకి రాలేదు. కాబట్టి దీనితో పెన్షను రెట్టింపవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందుగా డబ్బు కట్టించుకుని, ఇంట్లో చేసినవన్నీ మేమే కొంటామనే ప్రకటనలను అసలే నమ్మకండి.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. మనలో చాలామంది "మాకు పెన్షను వస్తుంది కదా, కాలక్షేపానికి చేశాం, 60 రూపాయలిస్తే చాలు" అంటారు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కాని అదే వీధిలో ఒక ఆడమనిషి ఇవే దుద్దులు చేసి పిల్లల ఫీజులు కడుతోందనుకోండి. మనం కూలి లెక్క వేయకుండా అమ్మిన ప్రతి జతా ఆవిడ కూలిని కోస్తుంది. మన కష్టానికి తగిన జీతం కావాలని ముప్ఫై ఏళ్లు సంఘాలు కట్టి, ధర్నాలు చేసినవాళ్లం మనం. రిటైరయ్యాక ఇంకొకరి కష్టానికి మనమే ధర తగ్గించవచ్చా? ఇది ఆలోచించండి. నా అభిప్రాయం ఒకటే. ఇవ్వదలుచుకుంటే ఊరికే ఇవ్వండి. మనవరాలికి, పనిమనిషి కూతురికి, పెళ్లిలో పేరంటాళ్లకు కానుకగా ఇవ్వండి. అమ్మదలుచుకుంటే మాత్రం మీ గంటకు కూలి కట్టి, పూర్తి ధరకే అమ్మండి.

రెండో న్యాయం పేరు విషయం. దీన్ని మట్టి నగలనీ, టెర్రకోట అనీ, ప్రకృతి సిద్ధమనీ చెప్పి అమ్మేవారు ఉన్నారు. టెర్రకోట అంటే నిజమైన మట్టిని బట్టీలో వందల డిగ్రీల మంటలో కాల్చింది. ఇది ప్లాస్టిక్. ప్లాస్టిక్ అని చెబితే తలవంపులేమీ లేదు. తేలికగా ఉంటుంది, చెవి తమ్మెలు సాగినవారికి బరువు తెలియదు, నీళ్లు తగిలినా నానదు. ఉన్న గుణాలు చెప్పి అమ్ముకోవచ్చు. లేని గుణం చెబితే, నిజంగా మట్టి కాల్చే కుమ్మరి నోటి దగ్గర కూడు మనం లాక్కున్నట్టు. అలాగే మిగిలిన తుక్కును చెత్తతో కలిపి తగలబెట్టకండి. రంగులు కలిసిపోయిన ముక్కల్ని పారేయకుండా లావు పూసల లోపల పెట్టి, పైన మంచి రంగు పొర చుట్టండి. ముద్ద వృథా కాదు, ఖర్చూ తగ్గుతుంది.

కార్యదర్శిగారికి ఒక మనవి. సంఘ భవనంలో నెలకొక శనివారం ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గాలి ఆడే ఒక కిటికీ ఇప్పిస్తే, ఒక ఓవెనూ ఒక థర్మామీటరూ నలుగురం చందా వేసుకుని కొనుక్కుంటాం. మగవారు కూడా రావచ్చు. నలభై ఏళ్లు లెడ్జర్లలో గీతలు తిన్నగా గీసిన చేతులు ఈ పనికి చక్కగా పనికొస్తాయి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏడాదికొకసారి వచ్చి మనం బతికే ఉన్నామని రుజువు చేసుకుంటున్నాం. నెలకొకసారి వచ్చి ఒక పూస చేసినా అదీ ఒక రుజువే గదా!

 నమూనా పూసలు ఈ పళ్లెంలో ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూడండి, రంగు ఎక్కడ మారిందో కనిపెట్టండి. సెలవు.